అలల నడుమ గుర్రాలు, కంచె లోపల జింకలు

కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు కాలనీల్లో పిల్లలు మేరీల్యాండ్‌లోనో వర్జీనియాలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. వేసవిలో అక్కడికి వెళ్లిన అమ్మానాన్నలు వాట్సాప్‌లో పంపే ఫొటోల్లో ఒకటి చూసేవాళ్లను ఆపేస్తుంది. సముద్రం ఒడ్డున, అలలు కాళ్లకు తగిలేంత దగ్గర్లో గుర్రాలు. కళ్లెం లేదు, జీను లేదు, రౌతు లేడు. ఆ పక్కనే గొడుగులు వేసుకుని కూర్చున్న జనం. ఫొటో చూసినవాళ్లు అడిగేది ఒకటే: ఇవి ఎవరివి? వీటిని ఎవరు మేపుతారు?

ఆ ప్రశ్న వెంట పోతే కథ మన శామీర్‌పేట జింకల పార్కు దాకా వస్తుంది.

ఆ దీవి పేరు అసటీగ్. అమెరికా తూర్పు తీరంలో మేరీల్యాండ్, వర్జీనియా రాష్ట్రాల అంచున దాదాపు 60 కిలోమీటర్ల పొడవున సాగే సన్నని ఇసుక పట్టీ. ఒక పక్క అట్లాంటిక్ సముద్రం, ఇంకో పక్క లోతు తక్కువ ఉప్పునీటి మడుగులు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న మన శ్రీహరికోట కూడా ఇలాంటి దీవే. అలలు తెచ్చిపోసిన ఇసుకతో ఏర్పడే ఈ దీవులు ఒకచోట నిలవవు. పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా సముద్రం వైపు ఇసుక లేచి, దీవిని దాటి వెనక్కి పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దీవి మొత్తం మెల్లగా నేల వైపు జరుగుతుంది.

అలాంటి నేల మీద 1950లలో వెంచర్ వేశారు. తారు రోడ్డు పోశారు, వేల ప్లాట్లు కోసి అమ్మారు. 1962 మార్చిలో వచ్చిన తుపాను ఆ రోడ్డును ముక్కలు చేసి ఇసుకలో పూడ్చింది, కట్టిన ఇళ్లను ఊడ్చేసింది. ఇక్కడ ఊళ్లు కట్టడం కుదరదని అందరికీ అర్థమయ్యాక, 1965లో ప్రభుత్వం ఆ తీరాన్ని జాతీయ సముద్రతీర పార్కుగా ప్రకటించింది. ఔటర్ రింగు రోడ్డు చుట్టూ హద్దురాళ్లు తప్ప ఇంకేమీ మొలవని లేఅవుట్లను రోజూ చూసే మనకు ఈ ఘట్టం మీద ఎక్కువ వివరణ అక్కర్లేదు. తుపాను రాకపోయి ఉంటే ఈ రోజు అక్కడ గుర్రాలు ఉండేవి కావని నేను నమ్ముతాను.

అసలు గుర్రాలు అక్కడికి ఎలా వచ్చాయి? స్పానిష్ ఓడ ఒకటి తీరంలో బద్దలైతే, అందులోంచి ఈదుకుంటూ వచ్చిన గుర్రాల సంతానమే ఇవని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. చరిత్రకారులు ఎక్కువగా మొగ్గేది ఇంకో కారణం వైపు. 17వ శతాబ్దంలో తీరప్రాంతపు రైతులు, పశువుల మీద సుంకాన్నీ కంచె వేసి తీరాలన్న చట్టాన్నీ తప్పించుకోవడానికి, గుర్రాలను దీవిలో వదిలేసేవారు. చుట్టూ నీళ్లుంటే కంచె ఖర్చు లేదు కదా. ఈ వాదం మధ్యలోకి 2022లో ఒక దంతం వచ్చి పడింది. హైతీలో పుయెర్తో రియల్ అనే ఊరిని స్పానిష్‌వాళ్లు 1503లో కట్టి, 1578లో వదిలేశారు. అక్కడి తవ్వకాల్లో దొరికిన ఆ దంతాన్ని ఆవుదిగా రాసి పెట్టారు. నికొలాస్ డెల్సోల్ అనే పరిశోధకుడు ఆవుల చరిత్ర కోసం దాని డీఎన్‌ఏ తీస్తే, అది గుర్రానిదని తేలింది. తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్‌ఏను ఇప్పటి గుర్రాలతో పోల్చి చూస్తే, అన్నింటికన్నా దగ్గరగా కుదిరింది ఈ దీవి గుర్రాలతోనే. ఓడ బద్దలైన కథకు ఇది రుజువు కాదు. కానీ వీటి తల్లుల మూలాల్లో స్పెయిన్ నుంచి వచ్చిన రక్తం ఉందన్న మాటకు బలం వచ్చింది.

ఏ కథ నిజమైనా ఒక సంగతి మారదు. ఇవి పుట్టుకతో అడవి జంతువులు కావు. మనిషి పెంచిన గుర్రాలకు పుట్టి, మనిషి చేయి వదిలేశాక మచ్చిక తప్పినవి. పులి, జింక లాంటి వాటికి అడవిలో లక్షల ఏళ్లుగా కుదిరిన లెక్క ఒకటి ఉంటుంది. తినేది ఎంత, తినబడేది ఎంత అని. మనిషి తెచ్చి వదిలిన జంతువు దీవిలో ఆ లెక్క లేకుండానే బతుకు మొదలుపెడుతుంది.

ఆ బతుకు ఎలాంటిదో దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది. దీవికి వెనకవైపు, ఆటుపోట్లకు మునిగి తేలే బురద నేలలో కార్డ్‌గ్రాస్ అనే గరుకు గడ్డి నడుము ఎత్తున పెరుగుతుంది. వేళ్లు ఉప్పునీళ్లలో ఉంటాయి. తాగిన ఉప్పును ఆ గడ్డి ఆకుల మీది గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది. ఎండలో ఆకును వేళ్ల మధ్య రాస్తే సన్నని తెల్లటి పలుకులు చేతికి అంటుతాయి. నేను చూసిన ఎర్ర ఆడగుర్రం మోకాళ్ల దాకా నల్లటి బురదలో నిలబడి, ఆ గడ్డిని కుదుళ్ల దగ్గర పట్టి లాగి తెంపుతోంది. పిల్ల దాని పొట్ట కింద నీడలో నిలబడింది. దోమలూ జోరీగలూ ముసిరి రెంటి చర్మమూ క్షణం ఆగకుండా అదురుతోంది. కాసేపటికి ఆ గుంపు మొత్తం ఇసుకతిప్ప దాటి వెళ్లి అలల్లో నిలబడింది. వేసవిలో ఈగల బాధ తప్పించుకోవడానికి అవి చేసే పని అదే. ఫొటోల్లో మనకు విహారంలా కనిపించేది ఈ బాధే.

ఉప్పుగడ్డి తిన్నందువల్ల ఈ గుర్రాలు మామూలు గుర్రాలకంటే దాదాపు రెట్టింపు నీళ్లు తాగుతాయి. మంచినీళ్ల గుంటలు వెతుక్కుని మరీ తాగుతాయి, సముద్రపు నీళ్లు పనికిరావు. అందుకే పొట్టలు ఉబ్బి ఉంటాయి. బలిసి ఉన్నాయనుకుంటారు చూసేవాళ్లు. పోషకాలు తక్కువైన ఆ మేతతో అవి పొట్టిగానే ఉండిపోతాయి.

ఇలాంటి గడ్డి మీద గుర్రం బతకడానికి కారణం దాని పేగుల్లో ఉంది. ఆవు, మేక, జింక నెమరువేసే జంతువులు. మేత ముందుగా పెద్ద పొట్టలో పడి, అక్కడి సూక్ష్మజీవుల చేతుల్లో పులిసి, మళ్లీ నోట్లోకి వచ్చి నమలబడి, అప్పుడు లోపలికి పోతుంది. ఆ పద్ధతిలో గడ్డిపోచ నుంచి సారమంతా వస్తుంది, కానీ సమయం పడుతుంది. మేత మరీ నాసిగా ఉంటే పొట్ట నిండిపోయి పని నెమ్మదిస్తుంది. గుర్రానికి ఆ పులిసే పని చివర్లో, పెద్దపేగు దగ్గర జరుగుతుంది. సారం కొంత వృథా అవుతుంది కానీ మేత త్వరగా కదిలిపోతుంది. కాబట్టి నాసి గడ్డినైనా రోజులో సగానికి పైగా సమయం తింటూ పోయి సరిపెట్టుకుంటుంది. పైగా జింకకు పై దవడ ముందుపళ్లు ఉండవు, గుర్రానికి పైనా కిందా ఉంటాయి. గడ్డిని నేలబారున కొరికేయగలదు. దీవికి ముప్పు వచ్చేది ఇక్కడే. ఇసుకతిప్పల్ని పట్టి ఉంచేది గడ్డి వేళ్లే. గడ్డి పోతే తిప్ప పోతుంది, తిప్ప పోతే తుపాను నీళ్లు దీవిని అడ్డంగా కోసేస్తాయి.

1968లో పార్కు అధికారులకు దక్కిన మేరీల్యాండ్ వైపు మందలో 28 గుర్రాలు ఉండేవి. 1990ల మధ్యకల్లా 160 దాటాయి. పులి లేదు, తోడేలు లేదు. ఏటా 20 శాతం పెరిగే మంద నాలుగేళ్లలో రెట్టింపు అవుతుంది. ఇది వడ్డీ లెక్క తెలిసిన ఎవరికైనా అర్థమయ్యేదే.

ఒకే దీవిలో ఈ చిక్కును రెండు రాష్ట్రాలు రెండు దారుల్లో విప్పుకున్నాయి. మధ్యలో సరిహద్దు కంచె ఉంది. వర్జీనియా వైపు మంద చింకటీగ్ అనే ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళానిది. 150 పెద్ద గుర్రాలకు మించకూడదని షరతు. ఏటా జూలై ఆఖర్లో గుర్రాలను సన్నని పాయ గుండా ఈదించి ఊళ్లోకి తెస్తారు, పిల్లల్ని వేలం వేస్తారు, మిగతావాటిని మళ్లీ దీవికి ఈదిస్తారు. 1925 నుంచి నడుస్తున్న జాతర అది. వచ్చిన డబ్బుతో ఫైరింజన్లు, గుర్రాల వైద్యం. మేరీల్యాండ్ వైపు పార్కువాళ్లు అమ్మరు, పట్టరు. వాళ్లు ఎంచుకున్నది టీకా.

ఆ టీకా పనితీరు తెలుసుకోదగ్గది. క్షీరదాల అండం చుట్టూ పల్చని ప్రొటీన్ పొర ఒకటి ఉంటుంది. వీర్యకణం మొదట అంటుకోవలసింది దానికే. పంది అండాల నుంచి ఆ పొరను తీసి, శుద్ధి చేసి, ఆడగుర్రానికి ఎక్కిస్తారు. గుర్రం ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయి పదార్థంగా గుర్తించి ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. పంది పొర, గుర్రం పొర దాదాపు ఒకేలా ఉండటంతో ఆ ప్రతిరక్షకాలు గుర్రం సొంత అండాన్ని కూడా కప్పేస్తాయి. వీర్యకణానికి చోటు ఉండదు. హార్మోన్లను ఇది ముట్టుకోదు. ఏడాదికోసారి మళ్లీ వేయాలి, ఆపేస్తే చాలా గుర్రాలు తిరిగి చూలు కడతాయి. గుర్రాన్ని పట్టుకోవాల్సిన పని లేదు, దూరం నుంచి తుపాకీతో డార్ట్ కొడతారు. అప్పటికే కడుపుతో ఉందా లేదా అన్నది తెలుసుకోవడానికి జే కిర్క్‌పాట్రిక్ అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టిన దారి ఇంకా ముచ్చటైనది. గుర్రం మూత్రం పోసిన చోట తడి ఇసుకను, అది వేసిన పేడను ఎత్తి తెచ్చి, అందులోని హార్మోన్ల ఆనవాళ్లను చదివేవారు. గుర్రం ఒంటి మీద చేయి పడేది కాదు.

1994 నుంచి ఇది పార్కు నిర్వహణలో భాగమైంది. మంద మెల్లగా దిగివచ్చి వందలోపు నిలబడింది. అనుకోని ఫలితం ఇంకొకటి బయటపడింది. టీకా ఎరగని ఆడగుర్రాలు సగటున ఆరేళ్లకే చనిపోయేవి. మూడేళ్లు, అంతకు మించి టీకా పొందినవి సగటున 20 ఏళ్ల దాకా బతికాయి. నాసి మేత మీద ఏటా ఈనడం, పాలివ్వడం ఎంత పీల్చేస్తుందో ఆ తేడా చెబుతోంది. పుట్టుకల్ని ఆపడం ప్రకృతికి విరుద్ధమని వాదించేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూడాలి.

ఎవరూ లెక్క పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అలాస్కా దగ్గర సెయింట్ మాథ్యూ దీవి. 1944లో అక్కడ 29 రెయిన్‌డీర్లను దింపారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, అక్కడున్న సైనికులు వెళ్లిపోయారు. డేవిడ్ క్లైన్ అనే జీవశాస్త్రజ్ఞుడు 1963లో లెక్కపెడితే 6,000. నేల మీది లైకెన్ మేతంతా అరిగిపోయింది. ఆ తర్వాతి చలికాలం తీవ్రంగా వచ్చింది. 1966లో ఆయన మళ్లీ వెళ్లేసరికి మిగిలినవి 42. అందులో మగది ఒక్కటే, అదీ సంతానానికి పనికిరానిది.

మన దగ్గరా ఇలాంటి కథలు తక్కువేం లేవు. అండమాన్‌లో మన చుక్కల జింకను బ్రిటిష్ హయాంలో తెచ్చి వదిలారు. అక్కడ పులీ లేదు, చిరుతా లేదు. ఈదుకుంటూ దీవి నుంచి దీవికి పాకి, మొలకెత్తే చెట్టునల్లా తినేసి అడవి మళ్లీ చిగురించకుండా చేస్తున్నాయి. శ్రీకాకుళం నుంచి వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు రాస్ ఐలాండ్ జింకలు ఆదివారం పూట చూసే ముచ్చట. అడవికి మాత్రం అవి బరువే. అక్కడే ఇంటర్‌వ్యూ ఐలాండ్‌లో 1962లో ఒక కలప కంపెనీ మూతపడి సుమారు 40 పని ఏనుగుల్ని వదిలేస్తే, అవి అడవి పట్టాయి. తమిళనాడు కోడియక్కరైలో, కృష్ణజింకల కోసం 1967లో ఏర్పడ్డ అభయారణ్యంలో మచ్చిక తప్పిన గుర్రాలు తిరుగుతున్నాయి. జింక మేయాల్సిన గడ్డిని అవి కొరికేస్తాయి. పైగా సర్కారు తుమ్మ కాయలు తిని, పేడలో గింజలు వేస్తూ ఆ తుమ్మను మైదానమంతా పరుస్తాయి. మైదానం తుమ్మ పాలైతే బయలు నేలను నమ్ముకున్న కృష్ణజింకకు చోటు ఉండదు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కోసం ఊళ్లు ఖాళీ చేసినప్పుడు వెనక మిగిలిన పశువులు అడవి పట్టి, వాటి సంతతి ఈనాటికీ ఆ అడవుల్లో మేస్తోంది.

ఇప్పుడు శామీర్‌పేటకు వద్దాం. సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద పాతిక కిలోమీటర్ల దూరంలో, చెరువుకు దగ్గర్లో, జవహర్ జింకల పార్కు. చుక్కల జింకలు, నెమళ్లు. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా. పార్కు చుట్టూ కంచె, కంచె చుట్టూ రోడ్లు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు, అపార్టుమెంట్లు. ఇక్కడి నుంచి ఒక జింక నడిచి ఇంకో అడవికి చేరే దారి లేదు. బయటి జింక లోపలికి వచ్చే దారీ లేదు. జీవశాస్త్రం దృష్టిలో దీవి అంటే అదే. చుట్టూ ఉన్నది ఉప్పునీరా, కాంక్రీటా అన్నది జింకకు తేడా చేయదు. వేటాడే మృగం లేదు. మేతా నీళ్లూ మనిషి పెడతాడు. చుక్కల జింక సుమారు ఎనిమిది నెలలు మోసి సాధారణంగా ఒక పిల్లనే ఈనుతుంది, కానీ దానికి ఒక కాలమంటూ లేదు, ఏడాది పొడుగునా ఈనగలదు. కంచెలోపలి నేల మాత్రం పెరగదు.

సంఖ్య ఒక్కటే కాదు, రక్తసంబంధం కూడా లెక్కే. మందలో 50 పెద్ద జింకలున్నా, ఐదు మగవే 45 ఆడవాటితో జతకడుతుంటే, జన్యువుల పరంగా అది 50 జింకల మంద కాదు. స్యూవాల్ రైట్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రంలో మగ, ఆడ సంఖ్యలను గుణించి, దాన్ని నాలుగింతలు చేసి, మొత్తంతో భాగిస్తే 18 వస్తుంది. అంటే సగం మగ, సగం ఆడ ఉన్న 18 జింకల మందలో ఎంత వేగంగా దగ్గరి రక్తం కలుస్తుందో ఇక్కడా అంతే. బయటి నుంచి కొత్త మగజింకల్ని అప్పుడప్పుడు మార్చుకోకపోతే, కొన్ని తరాలకు పిల్లలు బలహీనంగా పుట్టడం, పుట్టినవి నిలవకపోవడం మొదలవుతుంది.

మరి పట్టుకుని అడవిలో వదిలేయొచ్చు కదా అంటారు. జింక విషయంలో అది అంత తేలిక కాదు. తరిమి వలేసి పట్టిన జింక భయంతో, పెనుగులాటతో కండరాలు దెబ్బతిని, వాటి నుంచి వెలువడే విషం మూత్రపిండాలకెక్కి గంటల్లోనో రోజుల్లోనో చనిపోవచ్చు. అందుకే ఆఫ్రికాలో పుట్టిన బోమా పద్ధతి మన దేశంలోనూ వచ్చింది. గరాటులా సన్నబడుతూ పోయే తెరల దారి కట్టి, జింకల్ని మెల్లగా అందులోకి మళ్లించి, మనిషి చేయి తగలకుండానే లారీ ఎక్కిస్తారు. టీకా దారి జింకలకూ ఉంది. న్యూయార్క్ దగ్గర ఫైర్ ఐలాండ్‌లో తెల్లతోక జింకలకు 1993 నుంచి కొన్నేళ్ల పాటు ఇదే టీకా వేశారు. ఏదీ లేకపోతే ఆడవాటినీ మగవాటినీ వేరు చేసి ఉంచడం కంచె ఉన్నచోట కష్టమేం కాదు.

దీనికి కావాల్సిన విద్య హైదరాబాద్‌లో లేదని ఎవరూ అనలేరు. అత్తాపూర్‌లో సీసీఎంబీ నడిపే లాకోన్స్ ప్రయోగశాల 2006లో కృత్రిమ గర్భధారణతో చుక్కల జింక పిల్లను పుట్టించింది. స్పాటీ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది కృష్ణజింక పిల్ల బ్లాకీ పుట్టింది. పేడలోని హార్మోన్ల నుంచి జంతువు చూలు, ఒత్తిడి చదివే పని కూడా అక్కడ జరుగుతుంది. ఇక టీకాల తయారీ అంటారా, ప్రపంచానికి టీకాలు పంపే జీనోమ్ వ్యాలీ ఉన్నది ఇదే శామీర్‌పేట పక్కన, తుర్కపల్లిలో.

ఇంత శాస్త్రం ఉన్నా, ఆదివారం సాయంత్రం పార్కులో జరిగేది చూస్తే మనసు కష్టపెట్టుకోకుండా ఉండలేం. జాలీ దగ్గర ఒక చిన్నపిల్లవాడు చిప్స్ ప్యాకెట్ తెరిచి పట్టుకుంటాడు. ఒక ఆడజింక తల వంచి, నాలుక చాపి, చిప్స్‌తో పాటు ప్యాకెట్ అంచును కూడా లాక్కుంటుంది. తండ్రి ఫోన్‌లో వీడియో తీస్తూ నవ్వుతుంటాడు. ఆయన తప్పు కూడా అనలేం, ఎవరూ ఆయనకు చెప్పలేదు. నెమరువేసే పొట్టలో బ్రెడ్డు, చిప్స్, అన్నం లాంటి పిండిపదార్థం ఒక్కసారిగా పడితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని వేగంగా ఆమ్లంగా మార్చేస్తాయి. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు ఆ పులుపుకు చస్తాయి, జింక మేత మానేస్తుంది. ప్లాస్టిక్ ముక్క అయితే ఆ పొట్టలోంచి కిందికీ పోదు, పైకీ రాదు, ఒకదానికొకటి చుట్టుకుని గట్టి ముద్దవుతుంది. అసటీగ్‌లోనూ ఇదే బాధ ఉంది. తినుబండారాలకు అలవాటుపడ్డ గుర్రాలు రోడ్డు పక్కన కార్ల కోసం కాచుకుని, అవే కార్ల కింద పడి చనిపోయాయి. అందుకే అక్కడ గుర్రానికి 40 అడుగుల దూరంలో ఉండాలని, ముట్టుకోవద్దని, ఏమీ పెట్టొద్దని నియమం పెట్టారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ జంతుప్రదర్శనశాలల్లో జంతువులకు తిండి పెట్టడం, వాటిని వేధించడం నేరమని 38-జె సెక్షన్ చెబుతోంది.

నేను అధికారులను అడిగేది పెద్ద కోరిక కాదు. గేటు దగ్గర టికెట్ ధరల పక్కనే ఇంకో బోర్డు పెట్టాలి. ఈ ఏడాది మందలో ఎన్ని మగవి, ఎన్ని ఆడవి, ఎన్ని పుట్టాయి, ఎన్ని చనిపోయాయి, దేనివల్ల చనిపోయాయి, బయటి నుంచి కొత్త మగజింక చివరిసారి ఎప్పుడు వచ్చింది. ఈ ఆరు లెక్కలు బయట రాసి ఉంటే లోపల నిర్వహణ దానంతటదే సరిగా నడుస్తుంది. చూడటానికి వెళ్లేవాళ్లను అడిగేది ఇంకా చిన్నది. ఈసారి పిల్లల్ని తీసుకుని శామీర్‌పేట వెళ్లినప్పుడు తినే సామానంతా కారులోనే పెట్టి తాళం వేయండి, ఉత్త చేతులతో లోపలికి నడవండి.